ఫోన్ మీ చేతిలోనే: చూపులేనివారు టచ్‌ఫోన్ వాడే పద్ధతి, మొదటి రోజు నుంచి యూపీఐ పిన్ దాకా

నల్లగొండ గడియారం సెంటర్‌లో ఏ కిరాణా కొట్టు ముందైనా చూపులేని మనిషి ఫోన్ బయటికి తీస్తే గల్లాపెట్టె వెనక నుంచి తరచూ వచ్చే మాట ఒకటుంది: "ఫోన్ ఇటియ్యన్నా, నేనే కొడ్త. పిన్ చెప్పు." అన్నవాడి మనసులో చెడు ఉండకపోవచ్చు. అయినా పిన్ ఒకసారి నోరు దాటితే అది పిన్ కాదు. "వద్దు తమ్మీ, నేనే కొట్టుకుంట" అని చెప్పి, నిజంగానే కొట్టగలిగే దాకా ఏం నేర్చుకోవాలో, ఏ వరుసలో నేర్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే కాబట్టి దాని టాక్‌బ్యాక్ గురించే, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గురించే వివరంగా ఉంటుంది. ఐఫోన్ వాళ్లకు మధ్యలో ఒక పేరా ఉంది.

కొనే ముందు చేతితో చూడాల్సినవి

షాపులో కెమెరా గురించి చెబుతుంటే విని ఊరుకోండి. ముందు ఫోన్ కుడి అంచు తడమండి. వేలిముద్ర సెన్సర్ పవర్ బటన్ మీదే ఉంటే మంచిది, వేలికి గుంత తగులుతుంది. అద్దం లోపల సెన్సర్ ఉన్న ఫోన్ వద్దు. నున్నటి గాజు మీద ఆ చోటు వెతకడం రోజుకు యాభైసార్లు పడే తిప్పలు. ఇయర్‌ఫోన్ పెట్టే గుండ్రటి రంధ్రం ఉంటే ఇంకా మేలు. బ్లూటూత్‌లో మాట కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, వేలు ముందు, మాట వెనక అవుతుంది. ర్యామ్ 6 జీబీకి తగ్గకూడదు. తక్కువైతే టాక్‌బ్యాక్ ఒక మాట చెప్పి నీళ్లు నములుతుంది, మీరేమో మీ వేలిదే తప్పనుకుంటారు.

టెంపర్డ్ గ్లాస్ వేయించుకుంటే అంచులు ఉబ్బుగా లేనిది, పలచటిది అడగండి. మందం గ్లాస్ వేస్తే అంచు నుంచి జరిపే స్వైప్‌లు సగం పనిచేయవు.

గొంతు తెప్పించడం

కొత్త ఫోన్ డబ్బా విప్పి ఆన్ చేయగానే, మొదటి స్వాగతం తెర దగ్గరే, వాల్యూమ్ పెంచే బటన్, తగ్గించే బటన్ రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టండి. టాక్‌బ్యాక్ మాట్లాడుతుంది, లేదా ఇంకోసారి అలాగే పట్టమని అడుగుతుంది. అక్కడి నుంచి జీమెయిల్, వైఫై అన్నీ మీరే పెట్టుకోవచ్చు. వాడుతున్న పాత ఫోన్ అయితే చూపున్నవాళ్లతో ఒక్కసారి సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టాక్‌బ్యాక్ అని వెళ్లి ఆన్ చేయించండి. అక్కడే ఉన్న షార్ట్‌కట్ ఆన్ చేసి, దానికి వాల్యూమ్ బటన్లనే ఎంచుకోండి. ఇది మరిచిపోతే పిల్లలెవరో టాక్‌బ్యాక్ ఆపేసిన రోజున ఫోన్ గాజు పలక అయిపోతుంది. తాళం పడిన తెర మీద కూడా షార్ట్‌కట్ పనిచేస్తుందో లేదో ఆ రోజే చూసుకోండి.

తర్వాత గొంతు. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో గూగుల్ ఇంజిన్ ఎంచుకుని తెలుగు వాయిస్ డేటా దించుకోండి. ఇది వైఫై ఉన్నచోట చేయాలి, పూర్తిగా దిగిందని నిర్ధారించుకోవాలి. సగం దిగితే నెట్ లేని ఊళ్లో ఫోన్ మూగబోతుంది. తెలుగు గొంతు ఇంగ్లిష్ మాటలు కూడా చదువుతుంది, మన యాసలో. మాట వేగం మొదట మామూలుగానే ఉంచి రెండు వారాల తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. అలవాటైనవాళ్లు పెట్టుకునే వేగం పక్కవాళ్లకు అర్థం కాదు. బస్సులో అదే మీకు సగం రహస్యం.

ఇంకో మూడు సెట్టింగులు అప్పుడే మార్చేయండి. ఒకటి, నావిగేషన్ మూడు బటన్ల పద్ధతి. వెనక్కి, హోం, రీసెంట్స్ తెర కింది అంచున ఎప్పుడూ ఒకేచోట ఉంటాయి. రెండు, స్క్రీన్ టైమవుట్ కనీసం రెండు నిమిషాలు. మూడోది చాలామందికి తెలియదు. యాక్సెసిబిలిటీలోనే 'చర్య తీసుకునేందుకు సమయం' లాంటి పేరుతో ఒకటుంటుంది. తెర మీద కాసేపు కనిపించి మాయమయ్యే సందేశాలు మనం విని నొక్కే లోపలే పోకుండా రెండు నిమిషాల దాకా ఆపుతుంది.

మీడియా వాల్యూమ్ వేరు, టాక్‌బ్యాక్ వాల్యూమ్ వేరు. పాట గట్టిగా వస్తూ టాక్‌బ్యాక్ వినబడకపోతే, టాక్‌బ్యాక్ మాట్లాడుతున్న ఆ క్షణంలోనే వాల్యూమ్ బటన్ నొక్కండి. అది దాని శబ్దాన్నే పెంచుతుంది.

వేళ్ల పని

ఇక్కడ తొందరపడితే తర్వాత అంతా తడబాటే. బటన్ల ఫోన్‌లో వేలు పడితే పని జరిగేది. టచ్‌ఫోన్‌లో అలా జరిగితే చదవడానికి వేలు పెట్టినప్పుడల్లా ఎవరికో ఫోన్ పోతుంది. అందుకే టాక్‌బ్యాక్ పనిని రెండుగా విడదీసింది: వేలు పెడితే పేరు చెబుతుంది, రెండుసార్లు టకటక తట్టితే పని చేస్తుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచి వేలు జరుపుతూ వినే ఈ పద్ధతి ఉంది.

రెండు దారులున్నాయి. ఒకటి తడమడం: ఒక వేలు ఎత్తకుండా నెమ్మదిగా తెరంతా జరుపుతూ, వేలి కింద ఏముందో వినడం. రెండోది స్వైప్: వేలితో చురుగ్గా కుడికి ఒక గీత గీస్తే తర్వాతి వస్తువుకు, ఎడమకు గీస్తే ముందుదానికి. స్వైప్ తెర మీద ఎక్కడ గీసినా ఒకటే. డబుల్ ట్యాప్ కూడా అంతే. "వాట్సాప్" అని వినిపించిన చోటే తట్టాలని కొత్తవాళ్లంతా ఆ చుక్కనే గురిచూసి కొడుతుంటారు, వేలు కాస్త జరిగి పక్క యాప్ తెరుచుకుంటుంది. విన్నాక వేలు ఎత్తేయండి, తెర మధ్యలో ఖాళీగా ఉన్నచోట తట్టండి. చివరగా విన్న వస్తువే తెరుచుకుంటుంది.

స్వైప్ పనిచేయడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ నిదానమే. మెల్లగా జరిపితే అది స్వైప్ కాదు, తడమడం అవుతుంది. అగ్గిపుల్ల గీసినంత వేగం కావాలి, పొడవు మాత్రం అంగుళమైనా చాలు. రెండో కారణం అరచేయి. ఫోన్ పట్టుకున్న చేతి బొటనవేలి మొదలు తెర అంచుకు తగిలితే ఫోన్ రెండు వేళ్లనుకుంటుంది, స్వైప్ బదులు పేజీ జరుగుతుంది. మొదటి వారం ఫోన్‌ను బల్ల మీద పెట్టి ఒక్క చూపుడువేలితోనే చేయండి. మూడో కారణం చెమట, తడి, నూనె. ఎండాకాలం పాలమూరులో మధ్యాహ్నం పూట తెర మాట వినకపోతే ముందు గుడ్డతో తుడవండి, తర్వాత ఫోన్‌ను తిట్టండి.

పేజీ జరపడానికి రెండు వేళ్లు కలిపి పైకి లేదా కిందికి. జరుగుతుంటే టిక్ టిక్ శబ్దం స్థాయి మారుతూ మీరు ఎంత కిందికి వచ్చారో చెబుతుంది. రెండు వేళ్లతో ఒక్కసారి తట్టితే మాట ఆగుతుంది. మూడు వేళ్లతో ఒక్కసారి తట్టితే టాక్‌బ్యాక్ మెనూ. ఫోన్ పాతదై మూడు వేళ్లు పనిచేయకపోతే కిందికి గీసి ఎత్తకుండా కుడికి తిప్పండి, అదే మెనూ వస్తుంది. అలాగే కిందికి గీసి ఎడమకు తిప్పితే వెనక్కి, పైకి గీసి ఎడమకు తిప్పితే హోం, కుడికి గీసి కిందికి తిప్పితే నోటిఫికేషన్లు. ఈ మూలతిరుగుడు గీతల్లో మలుపు దగ్గర వేలు ఆగకూడదు. ఆగితే రెండు వేరు గీతలు అవుతాయి.

ఇక రీడింగ్ కంట్రోల్. మూడు వేళ్లు కిందికో పైకో స్వైప్ చేస్తే "అక్షరాలు", "పదాలు", "లైన్లు", "శీర్షికలు", "లింకులు" అంటూ మారుతుంది. పాత ఫోన్లలో ఒక వేలితో పైకి వెంటనే కిందికి గీయాలి. కావాల్సింది వినిపించాక ఒక వేలితో కిందికి స్వైప్ చేస్తే ఆ లెక్కన ముందుకు వెళ్తుంది. మూడు వందల లింకులున్న ప్రభుత్వ వెబ్‌పేజీలో ఒక్కొక్కటే స్వైప్ చేస్తూ పోతే చేయి నొస్తుంది. శీర్షికలకు మార్చుకుంటే నాలుగు స్వైప్‌లలో విషయం దగ్గరికి చేరతారు. చాలామంది ఏళ్లు వాడినా దీన్ని ముట్టుకోరు. మా దృష్టిలో టాక్‌బ్యాక్‌లో సగం బలం ఇక్కడే ఉంది.

మొదటి నాలుగు రోజులు వాట్సాప్ తెరవకండి. హోం తెర మీద తడమడం, స్వైప్, డబుల్ ట్యాప్, వెనక్కి రావడం, ఇంతే. క్యాలిక్యులేటర్ మంచి బడి. అంకెల గళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, తప్పు కొట్టినా నష్టం లేదు.

ఐఫోన్ అయితే

ఐఫోన్‌లో టాక్‌బ్యాక్ పని చేసేది వాయిస్‌ఓవర్, 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. తడమడం, కుడి ఎడమ స్వైప్, డబుల్ ట్యాప్ ఇవే. తేడాలు నాలుగు: పేజీ జరపడానికి మూడు వేళ్లు, రీడింగ్ కంట్రోల్ పని చేసే రోటర్ కోసం రెండు వేళ్లు తెర మీద ఉంచి తాళంచెవి తిప్పినట్టు తిప్పాలి, కాల్ ఎత్తడానికి, పెట్టేయడానికి రెండు వేళ్ల డబుల్ ట్యాప్, తెర నల్లగా చేయడానికి మూడు వేళ్లతో మూడుసార్లు. యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో వాయిస్‌ఓవర్ పెట్టుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కితే ఆన్, ఆఫ్.

టైపింగ్

కీబోర్డ్ మీద వేలు పెట్టి ఎత్తకుండా జరుపుతూ వెళ్లండి. కావాల్సిన అక్షరం వినబడగానే వేలు ఎత్తితే అది పడుతుంది. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో ఇలాగే. కొన్ని కీబోర్డులు డబుల్ ట్యాప్ అడుగుతాయి. వేగం కావాలంటే ఇంకో చిట్కా: ఒక వేలు అక్షరం మీద ఉంచి, ఇంకో వేలితో తెర మీద ఎక్కడైనా ఒక్కసారి తట్టండి.

తెలుగు రాయడానికి నోటిమాటే సులువు. జీబోర్డ్‌లో మైక్ నొక్కి మాట్లాడితే అక్షరాలవుతాయి. 2017 నుంచి తెలుగు ఉంది. రెండు జాగ్రత్తలు. మైక్ నొక్కగానే టాక్‌బ్యాక్ ఇంకా మాట్లాడుతుంటే ఆ మాట కూడా మీ మెసేజ్‌లో పడుతుంది. బీప్ విన్నాక అర క్షణం ఆగి మొదలుపెట్టండి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రెండోది మన యాస. "గిట్ల", "ఏడున్నవ్" లాంటివి ఒక్కోసారి వేరే మాటలై పడతాయి. పంపే ముందు పదాల లెక్కన ఒకసారి విని సరిచూసుకోండి. పేర్లు, ఊరి పేర్లు తప్పకుండా చూడాలి.

బ్రెయిలీ వచ్చినవారికి టాక్‌బ్యాక్ బ్రెయిలీ కీబోర్డ్ 2020లో వచ్చింది. ఫోన్ అడ్డంగా, తెర మీకు అవతలి వైపు ఉండేలా పట్టుకుని రెండు చేతుల మూడేసి వేళ్లతో ఆరు చుక్కలు నొక్కడమే. గోల ఎక్కువున్న బస్టాండ్‌లో మైక్ చేతులెత్తేసినా ఇది పనిచేస్తుంది. పాస్‌వర్డ్ నోటితో చెప్పలేం కదా, అక్కడా ఇదే దిక్కు.

కాల్స్, వాట్సాప్

ఇన్‌కమింగ్ కాల్‌కు చాలా ఫోన్లలో రెండు వేళ్ల డబుల్ ట్యాప్ చాలు. పెట్టేయడానికి యాక్సెసిబిలిటీలో 'పవర్ బటన్‌తో కాల్ ముగించు' ఆన్ చేయండి, బటన్ వెతకాల్సిన పనే లేదు. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే కస్టమర్ కేర్ కాల్స్‌లో ఫోన్ చెవికి ఆనితే తెర ఆరిపోతుంది. స్పీకరో ఇయర్‌ఫోనో పెట్టి ఫోన్‌ను ఎదురుగా ఉంచి కీప్యాడ్ తెరవండి.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌కు మైక్ బటన్ విన్నాక రెండోసారి తట్టిన వేలు ఎత్తకుండా పట్టుకుని మాట్లాడి, వదిలితే పోతుంది. ఫోటోలే పంపే చుట్టాలకు, "జర ఒక లైన్ రాసి పంపున్రి" అని చెప్పి పెట్టండి. కొత్త టాక్‌బ్యాక్‌లో మెనూ నుంచి బొమ్మను వర్ణించమని అడగవచ్చు. పెళ్లిలో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో మాత్రం మనిషే చెప్పాలి.

డబ్బు: నోటు, ఆ తర్వాత యూపీఐ

ముందు చేతి నోట్లు. ఇప్పటి మహాత్మాగాంధీ కొత్త సిరీస్‌లో 50 నోటు పొడవు 135 మిల్లీమీటర్లు, 100ది 142, 200ది 146, 500ది 150. నాలుగు నుంచి ఏడు మిల్లీమీటర్ల తేడా వేళ్లకు ఒంటరిగా తెలియదు, రెండు నోట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు తడిమితే తెలుస్తుంది. పక్క అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి: వందకు నాలుగు, రెండు వందలకు నాలుగు గీతలూ మధ్యలో రెండు గుండ్రాలూ, ఐదు వందలకు ఐదు. కొత్త నోటు మీద గోటితో గీస్తే గరగరమంటాయి. సంతలో నలిగిన నోటు మీద ఆ ఉబ్బు అరిగిపోతుంది. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరి 1న విడుదల చేసిన మణి యాప్. నోటుకు కెమెరా చూపిస్తే అది ఎంతదో చెబుతుంది. నెట్ అవసరం లేదు, నోటును సగానికి మడిచినా చెబుతుంది. అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు.

యూపీఐ పేమెంట్ వరుసగా ఇలా:

1. ఒక చెవిలో వైర్ ఇయర్‌ఫోన్. రెండో చెవి షాపతని మాటకు, రోడ్డుకు. పిన్ పేజీలో వేలు తడిమిన ప్రతి అంకెనూ టాక్‌బ్యాక్ పైకి చెబుతుంది, స్పీకర్‌లో అయితే వెనక నిలబడ్డవాళ్లూ వింటారు. టాక్‌బ్యాక్ మెనూలో 'తెరను దాచు' కూడా నొక్కితే చూసేవాళ్లకూ ఏమీ కనబడదు.

2. "అన్నా, నీ ఫోన్‌పే నంబర్ చెప్పు" అని అడగండి. స్కాన్ కంటే ఇది తేలిక. పాత షాపైతే హిస్టరీలో పేరు ఉండనే ఉంటుంది.

3. స్కానే చేయాల్సి వస్తే ముందు చేత్తో ఆ బోర్డు నాలుగు అంచులు పట్టుకోండి. ఫోన్ వెనక వైపును బోర్డు మధ్యలో ఆనించి, పక్కకు ఒరగకుండా తిన్నగా జానెడు దూరం వెనక్కి లాగండి. వేగంగా లాగితే కెమెరాకు పోల్చుకునే సమయం దొరకదు. ప్లాస్టిక్ మీద ఎండ మెరుపు పడితే బోర్డును కాస్త వంచమనండి. ఒకే బల్ల మీద రెండు స్కానర్లుంటే పక్క షాపు ఖాతా తెరుచుకోవచ్చు, అందుకే తర్వాతి మెట్టు.

4. పేరు వినండి. షాపు పేరు, యజమాని బ్యాంకు పేరు వేరుగా ఉండొచ్చు. గట్టిగా చదివి "నీదేనా అన్నా?" అని అడగడానికి మొహమాటం వద్దు.

5. మొత్తం కొట్టాక, రీడింగ్ కంట్రోల్‌ను అక్షరాలకు మార్చి ఒక్కో అంకె వినండి. "ఐదు, సున్నా, సున్నా." తెలుగు గొంతు ఒక్కోసారి 500ను, 5000ను గబగబా చదివేస్తే గోలలో తేడా తెలియదు. ఒక్క సున్నా ఎక్కువ పడితే తిరిగి రాబట్టడం రోజుల పని.

6. పిన్. బటన్ల ఫోన్‌లోలా ఈ కీప్యాడ్‌లో 5 మీద వేలికి తగిలే చుక్క ఉండదు. కింది అంచు మధ్యలో వేలు పెట్టి నెమ్మదిగా పైకి జరపండి: ముందు 0, దాని మీద 8, ఆ పైన 5, ఆ పైన 2. ఈ నడిమి నిలువు వరుసే మీ కొలబద్ద. 5 నుంచి ఎడమకు 4, కుడికి 6. సాధారణంగా 0కు ఒక పక్క చెరిపే బటన్, ఇంకో పక్క సబ్మిట్ ఉంటాయి. ఇది వేలికి ఒకసారి అలవాటైతే వెతుకులాట ఉండదు. పడిన అంకెను టాక్‌బ్యాక్ చెప్పదు, చుక్క అంటుంది. నాలుగంకెల పిన్‌కు నాలుగు చుక్కలు లెక్కపెట్టండి. అనుమానం వస్తే ఊహతో ముందుకు పోకండి, చెరిపే బటన్ నొక్కుతూ మొత్తం తీసేసి మొదటి నుంచి కొట్టండి. తప్పు పిన్ వరుసగా మూడుసార్లు పడితే చాలా బ్యాంకుల్లో ఆ రోజుకు యూపీఐ ఆగిపోతుంది.

7. షాపతని సౌండ్‌బాక్స్ పలికిందా లేదా అన్నది అతని లెక్క. మీరు హిస్టరీ తెరిచి పేరు, మొత్తం, 'విజయవంతం' మూడూ విని ఫోన్ జేబులో పెట్టండి.

చాయ్, సమోసా లాంటి చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ పెట్టుకోండి. 1000 రూపాయల దాకా పిన్ అడగదు, అందులో ఉంచగలిగేది 5000. పోయినా ఆ మేరకే పోతుంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటి పెద్దలకు 2022 మార్చిలో మొదలైన యూపీఐ 123పే ఉంది, మామూలు బటన్ల ఫోన్‌తో కాల్ మీదే చెల్లింపు.

ఓటీపీ ఎప్పుడూ తొందరపెడుతుంది. మెసేజ్ యాప్ తెరవకండి. కుడికి గీసి కిందికి తిప్పి నోటిఫికేషన్లు తెరిస్తే చాలా ఫోన్లలో ఓటీపీ పక్కనే 'కాపీ' బటన్ ఉంటుంది. తిరిగొచ్చి గడిని డబుల్ ట్యాప్ చేసి పట్టుకుంటే 'పేస్ట్' వస్తుంది.

కొత్త ఖాతాకు వీడియో కేవైసీ (వీడియోలో గుర్తింపు తనిఖీ) పెడితే అసలు చిక్కు. గుండ్రంలో మొహం పెట్టండి, కళ్లు ఆర్పండి అంటుంది. ఫోన్‌ను ముక్కుకు ఆనించి, వంచకుండా చేయి నేరుగా చాపండి, మొహం మధ్యలోకి వస్తుంది. కళ్లు ఆర్పలేనివారికి ఇది కుదరదు. డిజిటల్ కేవైసీ చూపులేనివారికీ అందుబాటులో ఉండాలని, డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. బ్రాంచిలో "మీకు ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ ఇవ్వం" అంటే, చూపు లేదన్న కారణంతో ఆ సేవలు నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంక్ 2008 జూన్‌లోనే బ్యాంకులకు ఉత్తర్వు ఇచ్చిందని చెప్పండి, నిరాకరణను కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వమన్నాక చాలా చోట్ల మాట మారుతుంది.

కాగితాలు, ప్రయాణం

కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ చదవడానికి గూగుల్ లెన్స్. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ను దాని నడిమధ్య బోర్లా పెట్టి, రెండు మోచేతులు బల్లకు ఆనించి తిన్నగా ఒకటిన్నర జానెడు పైకెత్తండి. మోచేతులు ఆనించకపోతే చేయి వణికి అక్షరాలు అలుక్కుపోతాయి. ముద్రించిన తెలుగు బాగానే వస్తుంది. డాక్టర్ చేతిరాత మాత్రం మందుల షాపతనికే అర్థం కావాలి. మనిషి కళ్లే కావాలంటే బీ మై ఐస్ యాప్‌లో వాలంటీర్‌కు వీడియో కాల్ చేయవచ్చు. షర్టు రంగు, మందు సీసా మీద తేదీ లాంటివి అడగండి. ఏటీఎం కార్డు, ఆధార్, ఓటీపీ ఆ కెమెరా ముందు పెట్టకండి. పుస్తకాలకు సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, ఈజీరీడర్ యాప్‌లో దాని ఖాతాతో లాగిన్ అయి వినవచ్చు.

మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ వెళ్తుంటే వేర్ ఈజ్ మై ట్రెయిన్ తెరిచి దిగాల్సిన స్టేషన్‌కు అలారం పెట్టండి. ఇది సెల్ టవర్ల ఆధారంగా కూడా చోటు పట్టుకుంటుంది, నెట్ పోయినా పనిచేస్తుంది. ఆర్టీసీ బస్సు ఎక్కడుందో గమ్యం యాప్‌లో వినవచ్చు. ప్లాట్‌ఫాం మీద నాలుగు బస్సులుంటే దేవరకొండది ఏదో కండక్టర్‌నే అడగాలి. రైలు టికెట్‌కు చూపులేనివారికి స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంది, వెంట వచ్చే ఒకరికీ అంతే. రైల్వే ఇచ్చే గుర్తింపు కార్డు నంబర్ ఐఆర్‌సీటీసీ ప్రొఫైల్‌లో ఎక్కిస్తేనే ఆన్‌లైన్‌లో ఆ రాయితీ వస్తుంది.

చెడేవి, బాగుచేసేవి

బటన్ మీద వేలు పెడితే "లేబుల్ లేదు, బటన్" అంటుందా? యాప్ తయారుచేసినవాళ్లు పేరు పెట్టలేదన్నమాట. ఏం చేస్తుందో ఒకసారి తెలుసుకున్నాక, దాని మీద ఉండగానే టాక్‌బ్యాక్ మెనూలో 'లేబుల్ జోడించు' నొక్కి మీరే పేరు రాసుకోండి. ఆ యాప్ అప్‌డేట్ అయితే ఒక్కోసారి ఆ పేరు పోతుంది.

టాక్‌బ్యాక్ దానంతటదే ఆగిపోతుంటే, బ్యాటరీ పొదుపు దాన్ని చంపుతోంది. యాప్స్‌లో టాక్‌బ్యాక్‌కూ, గూగుల్ స్పీచ్‌కూ బ్యాటరీ 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి. ఇంట్లోవాళ్లు ఫోన్ తీసుకుని "ఏదీ నొక్కబడత లేదు" అని టాక్‌బ్యాక్ ఆపేస్తుంటే, వాళ్లకు రెండే నేర్పండి: నొక్కడానికి రెండుసార్లు, జరపడానికి రెండు వేళ్లు.

బయటి నుంచి దించుకున్న వేరే స్క్రీన్ రీడర్లు వేగంగా ఉంటాయని కొందరు పెట్టుకుంటారు. అలాంటివి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. కారణముంది. యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్ తెర మీదిదంతా చదవగలదు, మీ బదులు నొక్కగలదు. మోసగాళ్లు వాట్సాప్‌లో చలాన్ అనో, పీఎం కిసాన్ అనో పంపే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) అడిగేదీ ఇదే అనుమతి. మనం రోజూ టాక్‌బ్యాక్‌కు ఇదే ఇస్తాం కాబట్టి, ఆ ప్రశ్న వినగానే అలవాటుగా 'అనుమతించు' కొట్టే ప్రమాదం మనకే ఎక్కువ. నెలకోసారి యాక్సెసిబిలిటీ పేజీ తెరిచి, ఆన్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే స్వైప్ చేసి వినండి. మీరు పెట్టని పేరు వినబడితే ఆపి, తీసేయండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఆ రెండు నంబర్లూ ఇప్పుడే కాంటాక్ట్స్‌లో దాచుకుంటే, కంగారులో వెతకాల్సిన పని ఉండదు.